బటన్ నొక్కితే లేవని కంప్యూటర్

మన గల్లీల్లో ఇప్పుడు ఇంటికొక కంప్యూటర్ అనలేము గానీ నాలుగిండ్లకొకటి ఉన్నది. చాలావరకు కంపెనీవి కావు. పిల్లలు సామాను విడివిడిగా తెచ్చి ఇంట్లనే బిగించుకున్నవి. కొంత కొత్తది, కొంత పాతబజార్ల దొరికినది. అంతే పైసలకు ఇట్లయితే మంచి సామాను వస్తదని పిల్లలు చెప్తరు, అది నిజమే. కానీ కంపెనీ డబ్బా లేవకపోతే ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తరు. ఇంట్ల బిగించినదానికి అడిగే దిక్కు లేదు. ఐదు దుకాణాల ఐదు బిల్లులుంటయి. పవర్ సప్లై అమ్మినోడు బోర్డు మీద చెప్తడు, బోర్డు అమ్మినోడు పవర్ సప్లై మీద చెప్తడు. నడుమ పిల్ల ఏడుస్తది, తల్లి పైసలు లెక్కపెడ్తది.

నేను చదివింది నాలుగో తరగతి దాకనే, తెలుగు బడిల. ముప్పై ఏండ్లకు పైన సాంచల మీద బతికిన, అందులో పద్దెనిమిదేండ్లు జాబర్ పని. కంప్యూటర్ నడపడం నాకు ఇప్పటికీ రాదు, అక్షరాలు కొట్టమంటే ఒక్క వేలుతోటి వెతుక్కుంట. అయితే లేవని కంప్యూటర్‌ను లేపడం మట్టుకు మా మనవరాలితోటి కలిసి నేర్చుకున్న. ఇంగ్లీషు పుస్తకం ఆమె చదువుతది. ఏది ముందు చూడాలె, ఏది తర్వాత చూడాలె అనేది నేను చెప్త. ఈ రెండేండ్లల్ల కుంభారి ఘర్కుల్‌ల, అశోక్ చౌక్ దిక్కు కలిపి ఎనిమిది డబ్బాలు చూసినం. ఆరు లేచినయి. రెండింటికి నిజంగనే సామాను మార్చాల్సి వచ్చింది.

ముందు మా ఇంటి సంగతి చెప్త, ఎందుకంటే మొదలైంది అక్కడనే. మా మనవరాలు టెక్స్‌టైల్ డిజైన్ కోర్సు చేసింది. చద్దర్లకు, టవళ్లకు జెకార్డ్ డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తది. వెనుకట మా కాలంల గ్రాఫ్ కాగితం మీద గడి గడికి రంగు నింపి, అది చూసుకుంట అట్టలకు తూట్లు కొట్టేటోళ్లు. ఒక్క పువ్వు మార్చాలంటే అట్టల దండ మొత్తం మళ్లీ కుట్టుకునుడే. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జెకార్డ్ వచ్చినకాడ అట్టలు లేవు, ఫైల్ పోతది. అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీల ఒక కార్ఖానావాళ్లు ఆమెకు మొదటిసారి పని ఇచ్చిన్రు. ఆరు డిజైన్లు, సోమవారం పొద్దున ఇయ్యాలె. మంచిగుంటే నెలనెలా ఇస్తమన్నరు. అప్పటిదాక దోస్తు ఇంటికి పోయి వాళ్ల కంప్యూటర్ మీద చేసుకునేది. ఇగ అట్ల కుదరదని మా కోడలు భిశీ ఎత్తి 31,000 ఇచ్చింది. భిశీ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు, ఎత్తినంక మిగిలిన నెలలన్నీ కట్టుకుంటనే ఉండాలె. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చేతుల పైసలవి.

గురువారం రాత్రి దోస్తూ తనూ కలిసి బిగించిన్రు. బటన్ నొక్కితే లోపలి ఫ్యాన్ ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. శుక్రవారం దుకాణానికి తీసుకపోయినం. అక్కడి పిల్లగాడు రెండుసార్లు బటన్ నొక్కి చూసి "కాకా, మదర్‌బోర్డ్ గేలా" అన్నడు. కొత్తదానికి 6,800, ఎనిమిది రోజులు పడతదన్నడు. పాతదానికి గ్యారంటీ ఉన్నది కదా అంటే అది కంపెనీకి పోయి రావాలె, నెల అయితదన్నడు. ఇంత చెప్పిండు గానీ డబ్బా మూత తియ్యలేదు. నాకు అది నచ్చలేదు. సాంచ ఆగితే చెయ్యి కూడా పెట్టకుండ "క్రాంక్ షాఫ్ట్ విరిగింది" అనే జాబర్‌ను ఏ మాలక్ రెండో రోజు ఉంచుకోడు. "బిడ్డా, ఇంటికి పోదాం పా" అన్న. ఆటోల వేసుకొని తెచ్చుకున్నం.

సాంచ నడిపినోళ్లకు తెలుసు, ఆగిన తీరుల్లనే సగం జవాబు ఉంటది. పేక తెగితే వెఫ్ట్ ఫోర్క్ చూసుకొని సాంచను మెల్లగ ఆపుతది. నాడె పెట్టెలకు సరిగ చేరకపోతే ధన్‌మని కొట్టుకొని ఆగుతది. ఆ చప్పుడు విన్నోడు పేక కోసం వెతకడు, నాడె ఎక్కడ ఇరుక్కున్నదో చూస్తడు. కరెంటే పోతే ఇంకో తీరు. కంప్యూటర్ కూడా అంతే. "లేస్తలేదు" అని ఒక్క మాట అంటరు గానీ లేవకపోవుడు మూడు తీర్లు.

ఒకటి, బటన్ నొక్కితే అసలు ఉలుకు లేదు పలుకు లేదు. లైటు లేదు, ఫ్యాన్ లేదు. రెండోది మా ఇంట్ల అయినట్టు, ఫ్యాన్ ఒక్క చుట్టు కదిలి ఆగుడు. మూడోది ఫ్యాన్లు తిరుగుతయి, లైట్లు వెలుగుతయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. చాలామంది మూడోదాన్ని చూసి ఎక్కువ భయపడతరు. నిజానికి దాంట్ల చాలాసార్లు చిన్న కారణమే ఉంటది.

మొదటి తీరుకు గోడ నుంచి మొదలు పెట్టాలె. నవ్వకుండ్రి. ప్లగ్గుల టేబుల్ ల్యాంపు పెట్టి చూడుండ్రి వెలుగుతదా లేదా. పొడుగు బోర్డు వాడితే అది పక్కకు పెట్టి నేరుగా గోడకు పెట్టుండ్రి. డబ్బా వెనుక పవర్ సప్లైకి ఒక చిన్న స్విచ్ ఉంటది, గీత ఉన్నదిక్కు నొక్కితే చాలు, సున్న ఉన్నదిక్కు నొక్కితే బంద్. సామాను మోసేటప్పుడు వేలు తగిలి అది సున్నమీదికి పోతది. కొన్ని పాత పవర్ సప్లైలకు వెనుక ఎర్రటి స్విచ్ ఇంకొకటి ఉంటది, దాని మీద 115 అనో 230 అనో కనపడతది. మన దేశంల 230 ఉండాలె. పాతబజార్ల కొన్నదైతే దాన్ని చూడకుండ ప్లగ్గు పెట్టొద్దు. 115 మీద ఉండంగ మన కరెంటు ఇస్తే ఒక్క చప్పుడు, ఇంత పొగ, అయిపోయినట్టే.

గోడ మంచిగున్నది, స్విచ్ మంచిగున్నది, అయినా ఉలుకు లేదంటే ముందుబటన్ మీద అనుమానం పెట్టుకోవాలె. ఆ బటన్ నుంచి సన్నటి రెండు తీగలు వచ్చి బోర్డు మూలకు ఉన్న పిన్నులకు తొడుగుతయి. ఆ పిన్నుల గుంపు చూస్తే నెత్తి తిరుగుతది, అంత చిన్నగ ఉంటయి. బోర్డుతోటి వచ్చిన పుస్తకంల బొమ్మ ఉంటది, దాన్ని చూసి తొడగాలె, అందాజ మీద కాదు. బటన్ పాడైందో లేదో చూడటానికి సులువుగ ఒక పని చెయ్యొచ్చు. బటన్ తీగలు తీసేసి, ఆ రెండు పిన్నులను స్క్రూ డ్రైవర్ కొసతోటి ఒక్క క్షణం కలిపి వదలాలె. బటన్ చేసే పని కూడా అంతే, రెండింటిని కలిపి వదులుడు. దాంట్ల షాక్ ఉండదు. కంప్యూటర్ లేచిందంటే బటన్‌దే తప్పు, బోర్డుకు దండం పెట్టుకొని కొత్త బటన్ తెచ్చుకోవచ్చు.

రెండో తీరు, అంటే మాది. పవర్ సప్లైలో కాపలా ఉంటది. ఎక్కడన్న తాకకూడనిది తాకి కరెంటు అడ్డదారిన పోతుంటే అది తనంతట తనే ఆగిపోతది. కాబట్టి ఒక్క చుట్టు తిరిగి ఆగిందంటే చచ్చిపోయిందని కాదు. ఎక్కడనో అంటుకున్నది, నేను ఇయ్యను అంటున్నదన్నట్టు. అంటుకున్నది బోర్డుల కావచ్చు, హార్డ్ డిస్కుల కావచ్చు, బయట పెట్టిన పెన్ డ్రైవ్ తొడుగుల కావచ్చు, రేకు డబ్బాల కావచ్చు. బోర్డే అని బటన్ నొక్కి ఎవ్వరూ చెప్పలేరు.

సాంచ నడవకపోతే మేము ముందు బెల్టు తీసేటోళ్లం. మోటర్ ఒక్కటే తిరుగుతదా చూడాలె. తిరిగితే తప్పు సాంచలనే, మోటర్ జోలికి పోవద్దు. నేను అదే అడిగిన, "దీనికి బెల్టు ఎక్కడుంటది బిడ్డా?" అని. ఆమె పుస్తకం, ఫోన్ రెండూ చూసి చెప్పింది. పవర్ సప్లై నుంచి వచ్చే పెద్ద తొడుగుకు 24 పిన్నులుంటయట. అందులో ఒక్కటే ఆకుపచ్చ తీగ, నల్ల తీగలు చాలా. గోడ స్విచ్ బంద్ చేసి, అన్ని తొడుగులు ఊడదీసి, కాగితాలకు పెట్టే క్లిప్పును సాపు చేసి ఒక కొస ఆకుపచ్చ తీగ బొక్కల, ఇంకో కొస పక్క నల్ల తీగ బొక్కల పెట్టినం. అప్పుడు స్విచ్ వేస్తే పవర్ సప్లై ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఆగలేదు. అంటే మోటర్ మంచిదే. కొన్ని కొత్తవాటికి తీగలన్నీ నల్లగనే వస్తయి, అట్లాంటప్పుడు బొమ్మ చూసి లెక్కపెట్టుకోవాలె. బరువు లేనప్పుడు ఫ్యాన్ తిప్పని రకాలు కూడా ఉన్నయి. ఇంకొక మాట, పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎవ్వరూ విప్పొద్దు. ప్లగ్గు పీకినంక కూడా దాని లోపల కరెంటు నిలువ ఉంటది. మేము కూడా విప్పలేదు, విప్పము.

తర్వాత బోర్డును రేకు డబ్బాల నుంచి బయటికి తీసినం. ఇది చెయ్యడానికి మనవరాలు భయపడ్డది. "తాతా, రెండు రోజులు కష్టపడి పెట్టిన" అన్నది. భీం ఎక్కించినంక తప్పు దొరికితే దించమా? దించినం ఎన్నోసార్లు. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదనే దాన్ని పరిచినం. అట్టకు కరెంటు పారదు కాబట్టి అది మంచి జాగా. దాని మీద ప్రాసెసర్, ప్రాసెసర్ మీది ఫ్యాన్, ఒక్కటే ర్యామ్ పలక ఉంచినం. మిగిలినవన్నీ పక్కకు, డిస్కు లేదు, ముందుబటన్ లేదు. పవర్ సప్లై పెద్ద తొడుగు ఒకటి, ప్రాసెసర్‌కు వేరేగ వచ్చే 8 పిన్నుల తొడుగు ఒకటి, అంతే. చెయ్యి పెట్టే ముందు ప్రతిసారి గోడ స్విచ్ బంద్. మనవరాలు స్క్రూ డ్రైవర్‌తోటి రెండు పిన్నులు కలిపి వదిలింది.

ఫ్యాన్ తిరిగింది. తిరుగుతనే ఉన్నది. టీవీకి తీగ పెట్టి చూస్తే తెర మీద బోర్డు కంపెనీ పేరు వచ్చింది. రాత్రి ఒంటిగంట అయింది. మా కోడలు బీడీల గంప పక్కన పెట్టుకొని అప్పటిదాక అక్కడనే కూసున్నది, ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు మాత్రం "మామా, మరి ఆ దుకాణపోడు గట్లెందుకన్నడు?" అని అడిగింది.

శనివారం పొద్దున మళ్లీ రేకు డబ్బాల బిగించినం. బిగించి నొక్కితే పాత కథే, ఒక్క చుట్టు, బంద్. ఇప్పుడు వెతకాల్సిన జాగా చిన్నగైంది. బయట నడిచి లోపల ఆగిందంటే తప్పు లోపల ఉన్న రేకుదే. బోర్డు కింద పిత్తడి మొలలుంటయి, బోర్డు రేకుకు తాకకుండ ఎత్తి పట్టేవి అవే. బోర్డుకు ఎక్కడ బొక్క ఉన్నదో అక్కడనే మొల ఉండాలె. ఆ రేకు డబ్బా పాతది, 700కు కొన్నది. ఇదివరకు దాంట్ల ఇంకేదో బోర్డు ఉండెనట. ఆ బోర్డుకు పెట్టిన మొల ఒకటి నడుమల అట్లనే ఉండిపోయింది. మన బోర్డుకు అక్కడ బొక్క లేదు. బోర్డును తిప్పి వెలుతురుకు పెట్టి చూస్తే సరిగ్గ ఆ జాగాల టాంకా మీద సన్నటి గీత పడ్డది. పక్కడుతోటి ఆ మొలను తిప్పి తీసేసినం. ఖర్చు లేదు.

బోర్డు కాలిపోలేదు, పవర్ సప్లై కాపలా మంచిగ పని చేసింది కాబట్టి. పిల్ల ఆదివారం రాత్రంత కూసొని ఆరు డిజైన్లు పూర్తి చేసింది. సోమవారం ఇస్తే నాలుగు తీసుకున్నరు, రెండు రంగు మార్చి తెమ్మన్నరు. తర్వాతి నెల పని కూడా ఇచ్చిన్రు.

ఈ సంగతి గల్లీల పాకింది. ఎవరి డబ్బా ఆగినా "తాతను పిలువుండ్రి" అనుడు మొదలైంది. మూడో తీరు డబ్బాలు ఎక్కువ వచ్చినయి. అవి మూడు చెప్త.

మొదటిది ఒక పిల్లగాడిది. కొత్త గ్రాఫిక్ కార్డు పెట్టుకున్నడు. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నయి, రంగు లైట్లు కూడా, తెర మాత్రం నలుపు. రెండు రోజులు నిద్ర పోలేదట. డబ్బా వెనుక తెర తీగ పెట్టే బొక్కలు రెండుచోట్ల ఉంటయి, పైన బోర్డువి, కింద కార్డువి. వాడు అలవాటు కొద్దీ పైదాంట్ల పెట్టిండు. కార్డు ఉన్నప్పుడు తీగ కార్డుకే పెట్టాలె. అట్లనే కొన్ని ప్రాసెసర్లకు తమంత తాము బొమ్మ చూపే శక్తి ఉండదు. ఇంటెల్‌వాటి పేరు చివర ఎఫ్ అని ఉంటే అదే అర్థం. అట్లాంటిది కొని కార్డు లేకుండ బిగిస్తే ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పే లేదు. కొనేటప్పుడు అడగాలె.

రెండోదాంట్ల ప్రాసెసర్ తొడుగు మరిచిన్రు. పెద్ద తొడుగు పెట్టినంక ఇంకొకటి ఉంటదని చాలామందికి తెలవదు. అది బోర్డు పై మూలకు ఉంటది, ఫ్యాన్ కింద దాక్కుంటది. 4 పిన్నులో 8 పిన్నులో ఉంటయి. గ్రాఫిక్ కార్డుకు వచ్చే తొడుగు కూడా దాదాపు అట్లనే ఉంటది కానీ రెండూ ఒకటి కాదు. బలవంతంగ దూర్చొద్దు. మీద ఇంగ్లీషుల రాసి ఉంటది, పిల్లలతోటి చదివించుకోండ్రి.

మూడోది నాకు బాగ జ్ఞాపకం. ఇంట్ల ఒకదిక్కు నాలుగు సాంచలు, ఇంకోదిక్కు ఆ గోడకే ఆనించి బల్ల, బల్ల మీద కంప్యూటర్. ఆ ఇంటి కోడలు బీకాం చదివింది, చిన్న కార్ఖానాల జీఎస్టీ లెక్కలు రాసిస్తది. దాఖలు చేసే గడువు దగ్గరకొచ్చినప్పుడు తెర రాలేదు. లెక్కలన్నీ అందులనే ఉన్నయి. ఆమె మొఖం చూస్తే చాలు. మూత తీస్తే లోపల దూది నూగు చాపలెక్క పేరుకున్నది, ఫ్యాన్ రెక్కలు కనపడ్తలేవు. ర్యామ్ పలక ఒక కొస పైకి లేచి ఉన్నది. రోజుకు రెండు పాళీలు సాంచలు దడదడ కొట్టుకుంటుంటే గోడ కదలదా, బల్ల కదలదా? మొదటినాడు క్లిప్పు సగమే పడ్డట్టున్నది, ఆ అదురుకు మెల్లమెల్లగ ఊడింది. పలక తీసి, దాని బంగారు అంచును పిల్లల రబ్బరుతోటి మెల్లగ తుడిచి, పొట్టు ఊదేసి, రెండు కొసలు టక్కుమని చప్పుడయ్యేదాక నొక్కినం. నాలుగు జాగాలుండి ఒక్కటే పలక ఉంటే ఎక్కువ బోర్డుల్ల ప్రాసెసర్ దిక్కు నుంచి రెండో జాగాల పెట్టాలె. కంప్యూటర్ లేచింది. బల్లను ఎదురుగోడకు మార్పించిన, కాళ్ల కింద పాత టైరు రబ్బరు ముక్కలు పెట్టిచ్చిన. నెలకొకసారి మూత తీసి మెత్తటి బ్రష్‌తోటి నూగు తియ్యమన్న. ఫ్యాన్‌ను వేలుతోటి పట్టుకొని తుడవాలె, గిర్రున తిరగనియ్యొద్దు.

ర్యామ్ మీద ఇంత ఎందుకు చెప్తున్ననంటే తెర రాకపోవుడుల మేము చూసినకాడికి దానిదే ఎక్కువ పాలు. కొన్ని బోర్డులకు చిన్న బుంగ పెట్టుకోవచ్చు, తప్పు ఉన్నప్పుడు కూత పెడతది. కొత్త బోర్డులకు కొన్నింటికి నాలుగు చిన్న లైట్లుంటయి, ప్రాసెసర్‌కొకటి, ర్యామ్‌కొకటి, బొమ్మకొకటి, డిస్కుకొకటి. ఏ లైటు వెలిగి ఆరకుండ నిలబడ్డదో అక్కడ వెతకాలె. పడుగు పోగు తెగితే డ్రాపర్ రేకు పడి సాంచ ఆగుతదే, అదే తెలివి. నాకు ఆ లైట్లు చూసినప్పుడు సంబరమైంది. మనవరాలు చెప్పింది, ఫ్రాన్సుల జెకార్డ్ అనే మనిషి 1804ల మగ్గానికి తూట్ల అట్టలు పెట్టిండట. ఇంగ్లండ్‌ల బాబేజ్ అనే ఆయన లెక్కలు చేసే యంత్రం గురించి ఆలోచించి, దానికి అవే అట్టలు వాడాలని అనుకున్నడట. అమెరికాల 1890 జనగణన కూడా తూట్ల కార్డులతోటే లెక్కపెట్టిన్రట. అంటే కంప్యూటర్ మనకు దూరపు చుట్టమేమీ కాదు.

తెర రాని డబ్బాకు ఇంకొక ఉపాయం ఉన్నది. బోర్డు మీద రూపాయి బిళ్ల లెక్క ఒక బ్యాటరీ ఉంటది, సీఆర్ 2032 అంటరు, గోడ గడియారాల దుకాణంల కూడా దొరుకుతది. బోర్డు తన అమరికలన్నీ దాని మీదనే గుర్తు పెట్టుకుంటది. ప్లగ్గు పీకి, ఆ బిళ్లను తీసి ఐదు పది నిమిషాలాగి మళ్లీ పెడితే బోర్డు అంతా మరిచి కొత్తగ మొదలైతది. ఎవరన్న అమరికలు మార్చి చెడగొడితే దీంతోటి తిరిగి వస్తది. తారీకు, టైము మళ్లీ పెట్టుకోవాలె. రోజూ తారీకు వెనుకకు పోతున్నదంటే మాత్రం ఆ బిళ్ల అయిపోయినట్టే.

కరెంటు సంగతి వేరేగ చెప్పాలె. మన ఇండ్లల్ల ఇది అసలైన జబ్బు. ఒక అక్క "అన్నా, కంప్యూటర్ రేకు ముట్టితే చేతికి జివ్వుమంటున్నది, దయ్యం పట్టినట్టున్నది" అని వచ్చింది. టెస్టర్ పెడితే రేకు మీదనే లైటు వెలిగింది. ప్లగ్గు మూడు పిన్నులదే, గోడ బొక్క కూడా మూడింటిదే, కానీ పైబొక్కకు వెనుక తీగనే లేదు. ఎర్తింగ్ లేకుండ ఇల్లంత వైరింగ్ చేసిపోయిన్రు. పవర్ సప్లై లోపల కొంచెం కరెంటు రేకులకు జారేటట్టే కట్టి ఉంటది, అది ఎర్తింగ్ నుంచి భూమికి పోవాలె. పోయే దారి లేకపోతే రేకు మీదనే నిలబడతది, ముట్టినోళ్లకు జివ్వుమంటది. దానికి కంప్యూటర్ మార్చుడు కాదు, లైసెన్సు ఉన్న వైర్‌మన్‌ను పిలిచి ఎర్తింగ్ గుంత తవ్విచ్చుకోవాలె. కొందరు పైపిన్నును కోసేసి రెండు పిన్నుల బోర్డుల పెడతరు. అది ఇంట్ల పిల్లలున్నోళ్లు చెయ్యాల్సిన పని కాదు.

కార్ఖానా మీటర్ నుంచే ఇంటికి తీగ లాక్కున్నోళ్లు ఇంకా జాగ్రత్తగ ఉండాలె. మూడు ఫేజుల కనెక్షన్ల న్యూట్రల్ లూజైతే ఒక ఫేజు మీద 230 ఉండాల్సిన చోట 300 దాటి వస్తది. బల్బులు ఒక్కసారి తెల్లగ మెరుస్తయి, అటెనుక పవర్ సప్లై పోతది. మేము చూసిన ఎనిమిదిల పోయిన రెండింట్ల ఒకటి ఇట్లనే పోయింది. బల్బులు ఎక్కువ తక్కువైతుంటే ముందు ప్లగ్గు పీకుండ్రి, తర్వాత వైర్‌మన్‌ను పిలువుండ్రి.

పాలిస్టర్ నూలు మీద పని చేసినోళ్లకు ఇంకొకటి చెప్పకున్నా తెలుసు. ఎండాకాలం గాలి ఆరిపోతే నూలు చేతికి, ఒంటికి అంటుకుంటది, చిటపట నిప్పురవ్వలొస్తయి. ఆ రవ్వ మనకు గిలిగింతే, ర్యామ్‌కు మాత్రం ప్రాణం పోతది. నైలాన్ చీర, పాలిస్టర్ బనియన్ మీద ఈ పని చెయ్యొద్దు. నూలు బట్ట వేసుకొని, బోర్డు ముట్టే ముందు రేకు డబ్బాను ఒకసారి ముట్టి మొదలు పెట్టాలె.

ఎప్పుడు చేతులెత్తాలంటే, కాలిన వాసన వస్తే, బోర్డు మీద చిన్న డబ్బీలలెక్క ఉండేవి పైన ఉబ్బి కనపడితే, ప్రాసెసర్ కిందనో దాని గూటిలనో సన్నటి పిన్ను ఒంగి ఉంటే. పిన్ను మనమే సాపు చేద్దామనుకోవద్దు, గ్యారంటీ కూడా పోతది. అప్పుడు దుకాణానికి పోవాల్సిందే. పోయినకాడ "మదర్‌బోర్డ్ గేలా" అంటే, కోపం చెయ్యకుండ, "మా ముందల వేరే పవర్ సప్లై పెట్టి చూపెట్టు, వేరే ర్యామ్ పెట్టి చూపెట్టు, బోర్డు బయట పెట్టి చూపెట్టు" అని అడగండ్రి. మంచి పనోడైతే చూపెడతడు. చూపెట్టనంటే డబ్బా ఎత్తుకొని ఇంకో దుకాణానికి పోండ్రి.

బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిల వేసి, ఏ సామాను ఏ తారీకు కొన్నరో మీద రాసి పెట్టుకోండ్రి. ప్రతి సామానుకు గ్యారంటీ వేరు, ఏండ్లు వేరు. పెట్టె మీద నంబరు చీటీ ఉంటది, అది చింపొద్దు. ఖాళీ అట్టపెట్టెలు కూడా దాచిపెట్టాలె, కంపెనీకి పంపాలంటే అవే కావాలె. మా ఇంట్ల మంచం కింద ఉన్నయి. మా కోడలు దీపావళికి ఊడ్చేటప్పుడు రెండుసార్లు బయట పారేసింది, నేను రెండుసార్లు మళ్లీ లోపలికి తెచ్చి పెట్టిన.